కుట్టవే సూదీ

కాజాల పిన్నికి కోపం వస్తే ముందు మైనం ముక్క అరుగుతుంది. కోటుకు చేతికాజా చేసేటప్పుడు దారాన్ని మైనం మీద ఒకసారి లాగితే చాలు, చిక్కుపడకుండా నునుపుగా నడుస్తుంది. కోపంలో ఉన్నప్పుడు పిన్ని ఒకసారితో ఆగదు. దారం పుల్లలా బిగుసుకుపోయేదాకా లాగుతూనే ఉంటుంది. ఆ వారమంతా ఆమె ఒళ్ళో మైనం పొట్టు రాలుతూనే ఉంది.

కోపానికి కారణం ఒక పాట. పాట కట్టింది తనే. పాడింది పెద్దక్క కూతురు. మెచ్చుకుంటున్నది లోకం. మాట్లాడటం మానేసింది పెద్దక్క.

పెద్దక్క అంటే పిన్నికి తోడికోడలు, భర్త అన్నగారి భార్య. ఇద్దరివీ పక్కపక్క వాటాలు. మధ్యనున్న వసారాలో ఒకటే బల్ల, దానికి చెరోవైపు ఒక కుర్చీ. పిన్ని కాజాలు చేస్తుంది, పెద్దక్క గుండీలు కుడుతుంది. పెద్దక్కకు కుడి కన్ను లేదు, ఎడమ కంటికి మసక. అయినా గుండీని బొటనవేలితో ఒకసారి తడిమి ఏ కోటుదో చెప్పేస్తుంది. ఇన్నేళ్ళూ ఇద్దరి చేతులూ పని చేస్తుంటే నోళ్ళు వీధిలో వాళ్ళ పని పట్టేవి. వాళ్ళిద్దరి మధ్య పడి చిరగకుండా బయటపడ్డ పెళ్ళి సంబంధం ఆ చుట్టుపక్కల లేదు.

ఇప్పుడు పెద్దక్క కుర్చీని గోడవైపు తిప్పుకుంది. గుండీలు కుడుతోంది, కానీ వీపు కనిపిస్తోంది. "అక్కా, కాఫీ తాగుతావా?" అంటే గోడ కూడా కొంచెం కదిలేదేమో, ఆ వీపు కదలదు.

జరిగింది ఇది. పెద్దక్క కూతురిని వీధంతా గిటారు పిల్ల అంటారు. ఇంకో ఇద్దరు అమ్మాయిలతో కలిసి ఆమె ఒక చిన్న బృందం పెట్టుకుంది. పేరు మూలగది. సినిమాల కోసం కాదు, ఎవరో అడిగితే కాదు, తమకు నచ్చిన పాటలు తామే కట్టుకుని పాడతారు. సైకిల్ షాపు మీద అద్దెకు తీసుకున్న గదిలో వాళ్ళ సాధన. పక్కగదిలో ఇలాంటిదే మగపిల్లల బృందం, పేరు చూరునీళ్ళు. దాని పెద్దకు గడ్డం తప్ప ముఖంలో ఏమీ కనిపించదు కాబట్టి అతని పేరు గడ్డమే అయిపోయింది. రెండు గదుల మధ్య గోడ ఎంత పల్చనిదంటే, వీళ్ళ పాటకు వాళ్ళు తాళం వేసేవాళ్ళు, వాళ్ళు శ్రుతి తప్పితే వీళ్ళు గోడ బాదేవాళ్ళు. చివరికి రెండు బృందాలూ కలిసి ఒక రికార్డు చేశాయి. దానికి 'ఉమ్మడి గోడ' అని పేరు పెట్టారు.

ఆ రికార్డు కోసం పాత పాట ఒకటి కావాలని గిటారు పిల్ల ఒక మధ్యాహ్నం పిన్ని దగ్గరకొచ్చింది. ఆ సమయానికి పిన్ని ఒళ్ళో మనవరాలు నిద్రపోతోంది. "మీ కాజాల వాళ్ళు పాడుకునే పాట ఏదైనా పాడు పిన్నీ" అని ఫోను నోటి దగ్గర పెట్టింది. పిన్నికి ఆ క్షణాన నోటికొచ్చింది ఒకటే. పసిది లేస్తుందని గొంతు తగ్గించి, దాని తొడ మీద మెల్లగా తడుతూ పాడింది.

కుట్టవే సూదీ కుట్టవే
దీపం తీసిన చేతిని కుట్టవే
కుట్టవే సూదీ కుట్టవే
నిద్దరపోయే కంటిని కుట్టవే

దాని తర్వాత ఇంకో చరణం ఉంది. అది పసిదాని చెవి పక్కన పాడదగ్గది కాదు. పిన్ని అక్కడికి ఆపేసింది.

"ఎవరిది పిన్నీ ఈ పాట?"

"ఎవరిదేముందే, కాజాల వాళ్ళం పాడుకునేవాళ్ళం" అంది. పసిదాని తలకింద చెయ్యి తిమ్మిరెక్కి, పిల్ల త్వరగా వెళ్తే బాగుండునని ఉంది ఆమెకు.

రికార్డు అట్ట మీద 'జానపద జోలపాట' అని అచ్చయింది. గడ్డం దానికి వయొలిన్ పెట్టాడు. గిటారు పిల్ల పిన్ని పాడినంత మెల్లగా, ఇంకా మెల్లగా, ఊపిరితో పాడింది. ఉమ్మడి గోడలో తక్కిన పాటలన్నీ ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు అయింది.

పిన్ని కోడలు మొదట్లో సంబరంగా ఫోను పట్టుకుని శ్రోతలు రాసినవి చదివి వినిపించింది.

"అత్తయ్యా, ఇది వినండి. 'మా పాప ఈ పాట లేనిదే కళ్ళు మూయదు' అంట. ఇంకొకాయన, 'విరిగిన మనసులకు వేసిన కుట్టు' అంటున్నాడు. ఈవిడ చూడండి, ఎంత రాసిందో. 'దీపం తీసిన చెయ్యి అంటే చీకట్లో దీపం అందుకున్న అమ్మ చెయ్యి. నిద్దరపోయే కంటిని కుట్టడమంటే రెప్పను రెప్పకు కలిపి కుట్టడం. సూదిని నిద్రాదేవిగా ఊహించిన ఆ అజ్ఞాత తల్లికి నమస్కారం.'"

"నిద్రాదేవా?" అంది పిన్ని. సూది గాలిలో ఆగిపోయింది.

"ఆహా, మీకే నమస్కారం పెడుతోంది! కింద గొడవ కూడా జరుగుతోంది. 'చూరునీళ్ళు వాళ్ళ వయొలిన్ లేకపోతే ఈ పాట ఎక్కడిది' అని ఒకడు. 'గడ్డంగారు నోరు మూసుకున్నాడు కాబట్టే బాగుంది' అని ఇంకొకడు. 'మూలగది అభిమానులకు మూల తప్ప గది తెలియదు' అని..."

"ఆపవే తల్లీ."

"ఇంకా ఉన్నాయి."

"ఆపమన్నానా!"

కోడలి ఒళ్ళో పసిది ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది.

ఆ సాయంత్రమే ఎదురింటి కిటికీలోంచి పాట వినిపించింది. ఎవరో పిల్లను నిద్రపుచ్చుతున్నారు. పెద్దక్క గుండీ కుడుతున్నదల్లా తల ఎత్తింది. కూతురి గొంతు పోల్చుకుంది. తర్వాత మాటలు పోల్చుకుంది. మొత్తం విని, దారం తెంపి, చాలా మామూలుగా అడిగింది.

"ఏమే, నా కన్ను జోలపాట అయిందా?"

పిన్ని జవాబు వెతుక్కునేలోపు కుర్చీ గోడవైపు తిరిగింది.

ఏళ్ళ కిందటి మాట. అప్పట్లో ఇద్దరూ కొత్తకోడళ్ళు. బజారులో ఒక బట్టల కొట్టు పై అంతస్తులో కోట్లు కుట్టే పని. అన్నీ నల్లకోట్లే. నల్లబట్ట మీద నల్లదారంతో కాజా చెయ్యడమంటే అమావాస్య రోజు చీమను వెతకడమే. గది పొడుగునా ట్యూబులైట్లు ఉండేవి. కరెంటు ఖర్చు ఎక్కువవుతోందని ఓనరు ఒక ఉదయం బల్ల ఎక్కి, సగం ట్యూబులైట్లు తనే స్వయంగా ఊడదీశాడు. చీకటిగా ఉందని ఆడవాళ్ళు అంటే, "కాజాకు కళ్ళెందుకు, వేళ్ళు చాలవా?" అని నవ్వాడు. మధ్యాహ్నం భోజనం చేసి, వెలుతురున్న కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కునుకు తీసేవాడు.

కనిపించక పెద్దక్క కోటును ముఖం దగ్గరకు తెచ్చుకుని కుట్టేది. కాజాలో ప్రతి ముడినీ పైకి లాగి బిగించాలి. ఒకరోజు అలా లాగుతుండగా దారం తెగింది. లాగిన చెయ్యి సూదితో సహా పైకొచ్చింది. అంతే. ఆమె అరుపుకు కిటికీ పక్క కునుకు చెదిరింది. ఓనరు లేచి వచ్చి చూసి అన్న మొదటి మాట, "సూది నీ చేతిలోనే ఉంది కదమ్మా, నేనేమైనా పొడిచానా?"

ఆ పాట ఆ వారంలో పుట్టింది. దీపం తీసిన చెయ్యి అమ్మది కాదు, లైటు ఊడదీసినవాడిది. నిద్దరపోయే కన్ను పసిపాపది కాదు, కిటికీ పక్కన కునికేవాడిది. కుట్టవే అంటే అతుకు వెయ్యమని కాదు. తేలు కుట్టినట్టు కుట్టమని. పిన్ని ఆ పాటను గొంతు చించుకుని మొదలుపెడితే గదిలో ఉన్న ఆడవాళ్ళంతా కాళ్ళతో నేల తొక్కుతూ అందుకునేవాళ్ళు. ఓనరుకు మొదట అర్థం కాలేదు. పనిపాట అనుకుని తలకూడా ఊపాడు. అర్థమైన రోజున పిన్నినీ పెద్దక్కనీ మెట్ల మీదుగా పంపించేశాడు. అప్పటినుంచీ వసారాలో బల్లే వాళ్ళ కొట్టు.

కూతురికి మాత్రం పెద్దక్క ఒక్కటే చెప్పింది, పొరపాటున సూది గుచ్చుకుందని.

ఇప్పుడు ఆ తేలు జోకొడుతోందట.

మర్నాడు గిటారు పిల్ల వెలిగిపోతూ వచ్చింది. "పిన్నీ, ఆదివారం సాయంత్రం గ్రంథాలయం హాల్లో శ్రోతలతో సభ పెట్టాం. నువ్వు రావాలి. వేదిక మీద కూచోబెడతాం."

"వేదిక మీద ఎందుకు, నిద్రపుచ్చడానికా? చాపలు కూడా తెచ్చుకోమను."

"ఏమైంది పిన్నీ?"

"అది జోలపాట అని నీకెవరు చెప్పారే?"

పిల్ల బిక్కమొహం వేసింది. "నువ్వే కదా పాడావు. పాపను తడుతూ, మెల్లగా. నేను నువ్వు పాడినట్టే పాడాను."

గోడవైపు తిరిగిన వీపు ఆ మాట విన్నది. విన్నదని పిన్నికి తెలుసు, ఎందుకంటే గుండీ కుట్టే చెయ్యి ఒక్క క్షణం ఆగింది. చేసిందంతా లోకం చేసిందనుకుని తిట్టుకోవడంలో కాస్త సుఖముంది. ఆ సుఖం కూడా పోయింది. పసిది లేస్తుందని తిట్టును లాలిలా పాడి, పైగా ఎవరిదో అని చెప్పి చేతులు దులుపుకున్నది తనే. ఆ రోజు తెగిన దారాలకు లెక్క లేదు.

ఆదివారం వెళ్ళింది. పెద్దక్కను పిలిచింది. "అక్కా, నేను వెళ్ళి పాటను వెనక్కి తెస్తాను. వస్తావా?" వీపు గుండీలు కుట్టుకుంటూనే ఉంది. కోడలే పసిదాన్ని చంకనేసుకుని ఇంట్లో ఉండిపోయింది, పెద్దావిడ ఒక్కతీ ఉంటుందని.

గ్రంథాలయం హాలు చిన్నది. గోడల వెంట పుస్తకాల బీరువాలు, మధ్యలో ఇనపకుర్చీలు. మనుషులు మర్యాదగా ఉన్నారు. చాలామంది పిన్నిని చూసి లేచి నిలబడ్డారు, ఒకామె చేతులు పట్టుకుంది. "మీరేనా! మీ పాటకు మా ఇంట్లో అందరూ పడి నిద్రపోతారండీ." పిన్ని చేతులు వెనక్కి లాక్కుంది.

గడ్డం మైకు ముందు నిలబడి, ఈ జోలపాట తరతరాల తల్లుల నుంచి వచ్చిందని మొదలుపెట్టాడు.

"ఏ తల్లి బాబూ?" అంది పిన్ని కూర్చున్నచోటి నుంచే. మైకు అవసరం పడలేదు. "నాకు తెలిసి దానికి ఒకటే తల్లి, అది నేను. అది జోలపాట కాదు. తిట్టు."

ఎవరో నవ్వారు, సరదాగా అన్నదనుకుని. పిన్ని ఆ నవ్వినవాడి వైపు చూసింది. నవ్వు ఆగింది.

ఆమె చెప్పింది. నల్లకోట్లూ, ఊడదీసిన లైట్లూ, కిటికీ పక్క కునుకూ చెప్పింది. "మాలో ఒకామె కన్ను పోయింది. పోతే వాడు, సూది నీ చేతిలోనే ఉంది కదా అన్నాడు" అంది. ఎవరి కన్నో చెప్పలేదు. చెప్పనవసరం లేకపోయింది. వేదిక మీద గిటారు పిల్ల మొహం సున్నం కొట్టినట్టు తెల్లబడింది.

"ఇప్పుడు వినండి, ఎలా పాడాలో" అని కాలితో నేల తొక్కింది పిన్ని. బీరువాల అద్దాలు గలగలమన్నాయి. వయసు మీదపడ్డ గొంతు, అంచులు చిరిగిన గొంతు. కుట్టవే అన్నప్పుడల్లా చెయ్యి సూదిలా ముందుకొచ్చింది. ముందు వరస వాళ్ళు తెలియకుండానే వెనక్కి వాలారు. రెండు చరణాలూ అయ్యాక, ఒళ్ళో పసిది లేదు కాబట్టి, మూడోది కూడా అందుకుంది.

కుర్చీ నిండిన బొజ్జను కుట్టవే
వేళ్ళు చాలవా అన్న నాలుకను కుట్టవే

తర్వాతి రెండు పంక్తులు అచ్చుకెక్కవు. హాల్లో పంతులమ్మలా ఉన్న ఒకావిడ చెవులు మూసుకుంది, వేళ్ళ మధ్య సందు ఉంచుకుని. దాని తర్వాత ఇంకొక్క పంక్తి ఉంది, ఆఖరిది. పిన్ని అక్కడికొచ్చి గిటారు పిల్ల మొహం చూసింది. ఆపేసింది.

చప్పట్లు మోగాయి.

"ఎందుకు కొడుతున్నారు? కన్ను పోయిందని చెప్తే చప్పట్లేంటి?" అని అరిచింది పిన్ని. చప్పట్లు ఒక్కొక్కటే సిగ్గుపడి ఆగాయి.

వెనక వరసలో ఒక కుర్రాడు లేచాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "అమ్మా, మా అమ్మ ఈమధ్యే పోయింది. నాకు నిద్ర పట్టేది కాదు. ఈ పాట వింటేనే పట్టింది. ఇప్పుడు మీరు ఇది తిట్టు అంటున్నారు. నేనేం చెయ్యాలి?"

హాలంతా పిన్ని వైపు చూసింది. ఇప్పుడైనా మెత్తబడుతుందని.

"మీ అమ్మ పోయినందుకు బాధగా ఉంది నాయనా, నిజంగా. నిద్ర పట్టనివాడికి నిద్ర కావాలి, కాదనను. వేరే పాట పాడించుకో, కావాలంటే నేనే ఒకటి కట్టిస్తాను. ఇది మాత్రం నిద్రపోకూడదని కట్టుకున్నది. దీన్ని వదిలెయ్."

కుర్రాడు కూర్చున్నాడు. ఒప్పుకున్నాడో లేదో తెలియలేదు.

గడ్డం మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "పిన్నిగారూ, మీ బాధ అర్థమైంది. కానీ పాట ఒకసారి బయటికొచ్చాక అది వినేవాళ్ళది కదా..."

"చెప్పులు కూడా బయటే విడుస్తాం. ఎవడు పడితే వాడు తొడుక్కుపోతాడా?"

ఈసారి హాలు ఘొల్లుమంది. గడ్డంలోపల ఎక్కడో అతను కూడా ఎర్రబడ్డాడు. పిన్ని నవ్వలేదు. "అట్ట మీద జోలపాట అన్నది కొట్టెయ్యండి. తిట్టుపాట అని రాయండి. జానపదం అన్నదీ కొట్టెయ్యండి" అని లేచింది. గిటారు పిల్ల వేదిక దిగి వెనకే పరుగెత్తుకొచ్చింది. వీధి మలుపు దగ్గర పిల్ల ఒక్కటే అడిగింది. "అమ్మ నాకెందుకు చెప్పలేదు పిన్నీ?"

"మీ అమ్మనే అడుగు. నాతో మాట్లాడటం లేదు మీ అమ్మ."

ఇంటికి చేరేసరికి వసారాలో లైటు వేసి ఉంది. వాళ్ళ కన్నా ముందే పాట ఇల్లు చేరింది. హాల్లో ఎవరో ఫోనులో పట్టి లోకంలోకి వదిలారు. పెద్దక్క కుర్చీ గోడవైపు లేదు. బల్ల వైపూ లేదు. కోడలి వైపు ఉంది. కోడలు ఫోను చూసి చదువుతోంది, పెద్దక్క చెవి ఒగ్గి వింటోంది.

"'జోలపాటను పాడుచేసిన ముసలమ్మ' అంట పెద్దత్తయ్యా."

"ఊఁ. తర్వాత?"

"'ఇంత అందమైన పాటకు ఇంత వికారమైన అర్థమా, నేను ఒప్పుకోను' అంట."

"ఒప్పుకోవద్దను. తర్వాత?"

"'ఈ ముసలమ్మ గొంతు విన్నాక మా పాప లేచి ఏడుస్తోంది, ఇప్పుడు ఎవరు నిద్రపుచ్చుతారు' అంట. ఇంకొకామె, 'నేనూ బట్టల కొట్లోనే పనిచేస్తాను, మా దగ్గర ఫ్యాన్లు ఊడదీశారు, ఈ పాట రేపు మేం పాడతాం' అని రాసింది."

పెద్దక్క మొహంలో ఏదో కదిలింది. "ఆ చివరిది మళ్ళీ చదువు" అంది. కోడలు మళ్ళీ చదివింది. "ఇంకోసారి."

గిటారు పిల్ల వెళ్ళి తల్లి పాదాల దగ్గర నేల మీద కూలబడి, ఆమె మోకాలి మీద తల పెట్టుకుంది. పెద్దక్క కూతురి జుట్టులో వేళ్ళు పెట్టింది కానీ కన్ను మాత్రం పిన్ని నిలబడ్డ వైపే ఉంది. వారం తర్వాత మొదటిసారి ఆమెతో నోరు విప్పింది.

"ఏమే, బూతులన్నీ పాడావు. బొజ్జ పాడావు, నాలుక పాడావు. ఆఖరి పంక్తి ఏదీ? అంతమంది ముందు నన్ను మింగేశావేం?"

పిన్ని గడపలోనే నిలబడిపోయింది. "పిల్ల మొహం చూశానక్కా. వాళ్ళంతా నీ మీద జాలిపడతారని..."

"జాలిపడితే వాళ్ళనూ తిట్టు. అది నా పంక్తి. పిల్ల మొహం చూసి మింగడానికి నీదనుకున్నావా? పసిది లేస్తుందని ఒకసారి మింగావు, ఇప్పుడు ఇది ఏడుస్తుందని ఇంకోసారి. నా కన్ను ఎప్పుడు పాడతావే నువ్వు, నేను పోయాకా?"

"తప్పే అక్కా."

"తప్పు ఎవడికి కావాలి. ఒసేయ్ పిల్లా, ఏడుపాపి ఫోను తియ్. కోడలా, ఆ కిటికీ తలుపులు బార్లా తెరువు. ఎదురింటి వాళ్ళ పిల్ల లేస్తే లేవనీ."

కోడలు తలుపులు తెరిచింది. గిటారు పిల్ల చెంపలు తుడుచుకుని ఫోను పట్టుకుంది. పెద్దక్క మడమతో నేలను ఒకసారి తొక్కింది. రెండోసారికి పిన్ని కాలు కూడా కలిసింది.

కుట్టవే సూదీ కుట్టవే
అక్క కంటికి బదులు వాడి కన్నే కుట్టవే

"గట్టిగా" అంది పెద్దక్క.